రూపాయి వెంట నడుస్తూ భారతీయ నాణేల సేకరణ సిద్ధం చేసుకోవడం ఎలా?

నాణేలు సేకరించాలనుకునేవారు చాలామంది చేతికి దొరికిన ప్రతి పాత బిళ్లనూ ఒక డబ్బాలో వేస్తూ పోతారు. కొన్నేళ్లకు డబ్బా నిండుతుంది గాని, అందులో ఏది ముందు వచ్చింది, ఏది తర్వాత వచ్చింది, మధ్యలో లోహం ఎందుకు మారింది అని ఎవరైనా అడిగితే చెప్పడం కష్టమవుతుంది. సేకరణకు విలువ తెచ్చేది నాణేల మధ్య ఉన్న వరుసేనని నా గట్టి నమ్మకం. అందువల్ల ఒకే విలువ గల నాణేన్ని, అంటే రూపాయిని, తొలినాళ్ల నుంచి నేటిదాకా వెంబడించి ఒక వెన్నెముకలాంటి వరుసను ముందుగా సిద్ధం చేసుకొని, ఆ తర్వాతే చిల్లర నాణేల వైపు, టంకశాల గుర్తుల వైపు, స్మారక నాణేల వైపు వెళ్లే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. ఈ పద్ధతిలో పెద్దగా ఖర్చు ఉండదు. ఈ వరుసలో సగానికి పైగా నాణేలు ఇంట్లోనో, బంధువుల పెట్టెల్లోనో, రోజువారీ చిల్లరలోనో దొరికేవే.

ముందు సమకూర్చుకోవలసినవి

పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, గ్రాములో వందో వంతు వరకు చూపే చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు, వెడల్పు కొలిచే వెర్నియర్ కాలిపర్స్, ఒక చిన్న అయస్కాంతం, మెత్తని గుడ్డ, ఒక నోటుపుస్తకం ఉంటే చాలు. ఆల్బమ్ తర్వాత కొనుక్కోవచ్చు. వీటన్నిటిలో అయస్కాంతం అతి చౌకైనదే అయినా, భారతీయ రూపాయి విషయంలో అది చేసే సహాయం ఎంతో పెద్దది. ఎందుకో కింద చూస్తారు. నాణేన్ని ఎప్పుడూ అంచులు పట్టుకొనే ఎత్తాలి. బొమ్మ మీద గాని, బొరుసు మీద గాని వేలు పెడితే చెమటలోని ఉప్పు, జిడ్డు అక్కడే ఉండిపోయి, కొన్ని నెలలకు వేలిముద్ర ఆకారంలోనే మచ్చగా తేలుతుంది.

రూపాయిల వరుసను పేర్చడం

ఈ మెట్టు మీద ఎక్కువ సమయం గడపండి, ఎందుకంటే తక్కినదంతా దీని మీదే ఆధారపడి ఉంటుంది.

1835 నాటి చట్టంతో ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలోని ప్రాంతమంతటికీ ఒకే రకం రూపాయి ఏర్పడింది. దాని బరువు 11.66 గ్రాములు, అందులో 91.7 శాతం వెండి. ముందు నాలుగో విలియం, 1840 నుంచి విక్టోరియా రాణి, 1903 నుంచి ఏడో ఎడ్వర్డ్, 1911 నుంచి ఐదో జార్జి, 1938 నుంచి ఆరో జార్జి బొమ్మలు వచ్చాయి. ఎనిమిదో ఎడ్వర్డ్ 1936లో కొన్ని నెలలే రాజుగా ఉన్నందున ఆయన బొమ్మతో భారతీయ నాణెం రాలేదు. విక్టోరియా రూపాయిలలో 1862 అని ఉన్నవి చాలా ఎక్కువగా కనిపిస్తే ఆశ్చర్యపడకండి. ఆ తేదీని మార్చకుండానే ఆ తర్వాత పదేళ్లకు పైగా నాణేలు ముద్రించారు. 1840 నాటివి కూడా అంతే. తేదీ పాతది అయినంత మాత్రాన నాణెం అరుదైనది కాదనే విషయాన్ని ఈ రెండు సంవత్సరాలే మీకు స్పష్టంగా చూపిస్తాయి.

ఈ వెండి రూపాయిలలో పాలకునికి ఒకటి చొప్పున తీసుకుంటే మొదట చాలు. విక్టోరియాకు మాత్రం రెండు తీసుకోండి: బిరుదు ‘క్వీన్’ అని ఉన్నది ఒకటి, 1877 నుంచి వచ్చిన ‘ఎంప్రెస్’ బిరుదు ఉన్నది మరొకటి. 1911 నాటి ఐదో జార్జి రూపాయి మీద రాజు ధరించిన అంగీలో ఒక చిన్న ఏనుగు బొమ్మ ఉంది. దాని తొండం పొట్టిగా చెక్కడం వల్ల జనానికి అది పందిలా కనిపించి పెద్ద వివాదమైంది. ప్రభుత్వం ఆ నాణేలను వెనక్కి తీసుకొని, మరుసటి ఏడు నుంచి తొండాన్ని సరిచేసి ముద్రించింది. 1911 రూపాయినీ 1912 రూపాయినీ పక్కపక్కన పెట్టి భూతద్దంలో ఆ ఏనుగు దగ్గర చూడటం, కొత్తగా మొదలుపెట్టినవారికి నేను సూచించే మొదటి అభ్యాసం. అచ్చులో చేసే గోరంత మార్పును కన్ను ఎలా పట్టుకోవాలో దానితో అలవాటవుతుంది.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో వెండి కరవైంది. 1940 నుంచి రూపాయిలో వెండి 50 శాతానికి పడిపోయింది. తక్కిన దానిలో 40 శాతం రాగి, 5 శాతం నికెల్, 5 శాతం జింకు. అప్పుడే దొంగ నాణేలను అరికట్టడానికి అంచు మధ్యలో గాడి తీసి, అందులో నగిషీ వేసిన భద్రతా అంచు వచ్చింది. నాణేన్ని నిలబెట్టి అంచును తిప్పి చూస్తే పాత గీట్ల అంచుకూ దీనికీ తేడా వెంటనే తెలుస్తుంది. వెండి మీద ఆధారం పూర్తిగా పోయింది 1947లో. ఆ ఏటి రూపాయి నికెల్‌తో, ఒకవైపు ఆరో జార్జి, మరోవైపు పులి బొమ్మతో వచ్చింది. 1948, 1949 తేదీలతో భారత ప్రభుత్వం చలామణి కోసం నాణేలు ముద్రించలేదు. ఆ తేదీల ‘అరుదైన భారత రూపాయి’ అని ఎవరైనా చూపిస్తే జాగ్రత్తపడండి.

1950 ఆగస్టు 15న గణతంత్ర భారతదేశపు మొదటి నాణేలు విడుదలయ్యాయి. రాజు తల స్థానంలోకి అశోకుని సింహశీర్షం, రూపాయి మీద పులి స్థానంలోకి ధాన్యపు కంకి వచ్చాయి. లోహం మాత్రం నికెలే. 1947 రూపాయినీ 1950 రూపాయినీ ఒకే పేజీలో ఎదురెదురుగా పెట్టాలని నా సలహా. అధికారం చేతులు మారిన సంగతి అంత తక్కువ చోటులో అంత సూటిగా కనిపించే చోటు మరొకటి నాకు తెలియదు.

ఇక్కడి నుంచి రూపాయి ప్రయాణమంతా లోహం ధర, నాణెం విలువ మధ్య జరిగిన పోటీయే. 1962లో మొదలైన దశాంశ పద్ధతి రూపాయి స్వచ్ఛమైన నికెల్‌తో 10 గ్రాముల బరువు, 28 మిల్లీమీటర్ల వెడల్పు ఉండేది. 1975లో లోహం కుప్రోనికెల్‌గా, అంటే రాగి, నికెల్ మిశ్రమంగా మారి, బరువు 8 గ్రాములకు తగ్గింది. వెడల్పు అలాగే ఉంది. 1983లో వెడల్పు కూడా 26 మిల్లీమీటర్లకు, బరువు 6 గ్రాములకు దిగాయి. 1992లో స్టెయిన్‌లెస్ స్టీలు రూపాయి వచ్చింది: 4.85 గ్రాములు, 25 మిల్లీమీటర్లు. 2011లో రూపాయి గుర్తుతో వచ్చిన నాణెం 22 మిల్లీమీటర్లకు, 3.79 గ్రాములకు చిక్కిపోయింది. వస్తువుల ధరలు పెరిగేకొద్దీ నాణెంలోని లోహం ఖరీదు దాని మీద అచ్చువేసిన విలువను దాటకుండా చూడవలసి రావడమే ఈ మార్పులన్నిటి వెనుక ఉన్న కారణం.

ఇప్పుడు అయస్కాంతం తీయండి. వెండి రూపాయిలు దానికి అంటుకోవు. 1947 నుంచి 1974 వరకు వచ్చిన నికెల్ రూపాయిలు గట్టిగా అంటుకుంటాయి. 1975 నుంచి 1991 వరకు వచ్చిన కుప్రోనికెల్ రూపాయిలు అంటుకోవు. 1992 తర్వాతి స్టీలు రూపాయిలు మళ్లీ అంటుకుంటాయి. అరిగిపోయి తేదీ సరిగా కనిపించని రూపాయి దొరికితే, అయస్కాంతం, త్రాసు, కాలిపర్స్ మూడూ కలిపి అది ఏ కాలానిదో దాదాపు ఖచ్చితంగా చెప్పేస్తాయి.

స్టీలు కాలంలో బరువు కంటే బొమ్మలు ఎక్కువసార్లు మారాయి కాబట్టి అక్కడ ఒక్కొక్క రూపానికి ఒక్కొక్కటి తీసుకోవాలి. 1992 నాటి ధాన్యపు కంకుల నమూనా, 2004 తర్వాత వచ్చిన ‘భిన్నత్వంలో ఏకత్వం’ నమూనా, 2007 నాటి హస్తముద్ర నమూనా, 2011 నాటి రూపాయి గుర్తు నమూనా, 2019 నమూనా, 2022 జూన్‌లో విడుదలైన ఆజాదీ కా అమృత్ మహోత్సవ్ నమూనా, ఈ ఆరూ ఉంటే వరుస పూర్తయినట్టే. వీటిలో రెండోది నలుగురు మనుషుల తలలు ఒకే దేహాన్ని పంచుకుంటున్నట్టు చూపే ఉద్దేశంతో గీసినదని చెప్పినా, చాలామందికి శిలువలా కనిపించి విమర్శ ఎదుర్కొంది, తర్వాత ఆగిపోయింది. హస్తముద్ర రూపాయి మీద బొటనవేలు ఎత్తిన చేయి, రెండు రూపాయల మీద రెండు వేళ్లు, యాభై పైసల మీద పిడికిలి ఉంటాయి. మూడింటినీ పక్కపక్కన పెడితే ఆ నమూనా వెనుక ఉన్న ఆలోచన చదవడానికి హాయిగా ఉంటుంది.

ఇక్కడే ఒక చిక్కు కూడా గమనించండి. 2011 నాటి రెండు రూపాయల నాణెం వెడల్పు 25 మిల్లీమీటర్లు, బరువు 4.85 గ్రాములు. అంటే 1992 నాటి రూపాయి కొలతలే. పాత రూపాయిలు ఇంకా చేతులు మారుతుండగా అదే కొలతతో రెండు రూపాయలు రావడం చూపు లేనివారికి ఎంత ఇబ్బందో ఊహించుకోవచ్చు. 2019 మార్చిలో విడుదలైన వరుసను చూపులేనివారికి అనువుగా రూపొందించారు; విలువ పెరిగేకొద్దీ పరిమాణం, బరువు పెరుగుతాయి. దాని రూపకల్పన అహ్మదాబాద్‌లోని జాతీయ డిజైన్ సంస్థ చేసింది. ఆ వరుసలోనే చలామణి కోసం మొదటిసారిగా వచ్చిన ఇరవై రూపాయల నాణేనికి పన్నెండు భుజాలు ఉన్నాయి.

చిల్లర నాణేల వైపు

రూపాయిల వరుస కుదిరాక చిల్లరకు రండి. 1957కు ముందు రూపాయికి పదహారు అణాలు, అణాకు నాలుగు పైసలు, పైసకు మూడు పైలు. ఆ పాత పైసనే మన పెద్దలు కానీ అనేవారు. రెండు అణాలది బేడ, నాలుగు అణాలది పావలా. యుద్ధకాలంలో లోహం ఆదా చేయడానికి 1943 నుంచి 1947 వరకు మధ్యలో చిల్లుతో ముద్రించిన కంచు కానీ ఈ భాగంలో అందరికీ ఇష్టమైన నాణెం. అది సులువుగానే దొరుకుతుంది కాబట్టి, చిల్లు అంచులు అరగని దాన్ని ఓపిగ్గా వెతికి తీసుకోండి.

తెలుగువారు తప్పకుండా చేర్చుకోవలసినది ఐదో జార్జి కాలపు కుప్రోనికెల్ అణా, బేడ నాణేలు. వాటి మీద విలువను ఇంగ్లిష్‌తో పాటు ఉర్దూ, నాగరి, బెంగాలీ, తెలుగు లిపుల్లో కూడా అచ్చువేశారు. అక్షరాలు చాలా చిన్నవి. అరిగిన నాణెంలో ముందుగా చెరిగిపోయేవీ అవే. కాబట్టి ఈ రకం కొనేటప్పుడు రాజు ముఖం ఎంత బాగుందో చూసి మురిసిపోకుండా, బొరుసు వైపు తెలుగు అక్షరాల వంపులు విడివిడిగా కనిపిస్తున్నాయో లేదో చూసి తీసుకోండి. 1950 నాటి అణా నాణేల మీద ఇంగ్లిష్, హిందీ మాత్రమే ఉన్నాయి. ఈ రెండు కాలాల అణాలనూ జతగా ఉంచితే లిపుల సంగతి ప్రత్యేకంగా చెప్పనవసరం ఉండదు.

1950 వరుసలో కానీ మీద గుర్రం, అర్ధణా, అణా, బేడల మీద ఎద్దు, పావలా, అర్ధరూపాయి, రూపాయిల మీద ధాన్యపు కంకి ఉంటాయి. ఆకారాలు కూడా చూడండి: అర్ధణా, బేడ చతురస్రాలు, అణా పూరేకుల అంచుది. చదువు రానివారు కూడా చేతితో తడిమి గుర్తుపట్టగలిగే ఏర్పాటది.

1957 ఏప్రిల్ 1న రూపాయికి వంద పైసల పద్ధతి అమల్లోకి వచ్చింది. పాత పైసకూ కొత్త పైసకూ మధ్య గందరగోళం లేకుండా కొత్తదానికి నయాపైస అని పేరు పెట్టి, రూపాయిలో అది ఎన్నో వంతో హిందీలో నాణెం మీదే అచ్చువేశారు. అణా అంటే ఆరుంబావు నయాపైసలు కావడంతో చిన్న బేరాల్లో లెక్క తెగేది కాదు. పావలాకు 25, అర్ధరూపాయికి 50 సరిగ్గా కుదిరాయి. 1964 జూన్ 1 నుంచి ‘నయా’ మాట తొలగించారు. 1957 నుంచి 1964 వరకు వచ్చిన నయాపైసల వరుసలో ఒకటి, రెండు, ఐదు, పది, ఇరవై అయిదు, యాభై విలువలన్నీ ఒక పేజీలోనే ఇమిడిపోతాయి, ధర కూడా అందుబాటులోనే ఉంటుంది. కొత్తవారికి ఇంతకంటే మంచి రెండో మెట్టు లేదు.

ఆ తర్వాత అల్యూమినియం కాలం. 1964లో ఆరు భుజాల మూడు పైసల నాణెం వచ్చింది. 1965 నుంచి ఒకటి, రెండు పైసలు, 1967 నుంచి ఐదు పైసలు కూడా అల్యూమినియంలోకి మారాయి. ఒక పైస బరువు ముప్పావు గ్రాము మాత్రమే. ఇవి మెత్తని లోహంతో చేసినవి కాబట్టి గీతలు పడనివి దొరకడమే కష్టం; సంఖ్యలో కోట్లాదిగా ముద్రించినా, మెరుపు చెడని నాణెం కోసం చాలా కాలం వెతకవలసి ఉంటుంది. 1988 నుంచి స్టెయిన్‌లెస్ స్టీలు పది, ఇరవై అయిదు, యాభై పైసలు మొదలయ్యాయి. ఖడ్గమృగం ఉన్న పావలా ఆ వరుసలోదే. 2011 జూన్ 30తో పావలా, దానికంటే చిన్న నాణేల చెల్లుబాటు ముగిసింది. యాభై పైసలు చట్టప్రకారం నేటికీ చెల్లుతాయి.

ఐదు రూపాయల నాణేలలో ఒక్క సంగతి గుర్తుంచుకోండి. 1992 నాటి కుప్రోనికెల్ ఐదు రూపాయలు 9 గ్రాముల దళసరి నాణెం. దాన్ని సరిహద్దు దాటించి బ్లేడుల తయారీకి కరిగిస్తున్నారని పత్రికల్లో వార్తలు వచ్చాయి. 2007లో స్టీలుతో 6 గ్రాముల నాణెం, 2009 నుంచి అదే బరువుతో నికెల్ కలిసిన ఇత్తడి నాణెం వచ్చాయి. మూడూ 23 మిల్లీమీటర్లే. ఒకే వెడల్పు, మూడు లోహాలు, మూడు రంగులు: పక్కపక్కన చాలా అందంగా ఉంటాయి.

టంకశాల గుర్తును చదవడం

తేదీ కింద ఉన్న చుక్కంత గుర్తు ఆ నాణెం ఎక్కడ పుట్టిందో చెబుతుంది. ముంబై నాణేలకు వజ్రం ఆకారం, హైదరాబాద్ నాణేలకు ఐదు కోణాల నక్షత్రం, నోయిడా నాణేలకు గుండ్రని చుక్క ఉంటాయి. కోల్‌కతా నాణేలకు గుర్తు ఏదీ ఉండదు. హైదరాబాద్ గుర్తు మాత్రం మొదటి నుంచీ నక్షత్రం కాదు: 1950లలో నిలువునా చీలిన వజ్రం, 1960లలో మధ్యలో చుక్క ఉన్న వజ్రం వాడారు. అరిగిన నాణెంలో ఈ రెండూ ముంబై వజ్రంలాగే కనిపించి తికమక పెడతాయి. ఇలాంటప్పుడు నాణేన్ని దీపం కింద నేరుగా కాకుండా ఏటవాలుగా పట్టుకొని, వెలుగు పక్క నుంచి పడేలా నెమ్మదిగా తిప్పండి. చీలిక ఉంటే వజ్రం మధ్యలో సన్నని నీడ గీత లేస్తుంది. చుక్క ఉంటే నడుమ ఒక మెరుపు కదులుతుంది. రెండూ లేకుండా వజ్రం ఒకే ముద్దగా ఉంటే అది ముంబై నాణెం.

నిజాం కాలంలో మొదలైన హైదరాబాద్ టంకశాల 1950లో కేంద్ర ప్రభుత్వం చేతికి వచ్చి, చాలాకాలం సైఫాబాద్‌లో నడిచి, 1997లో చర్లపల్లికి మారింది. నోయిడా టంకశాల 1988లో మొదలైంది కాబట్టి, అంతకుముందు తేదీలతో నోయిడా నాణేలుండవు. ఇంట్లో పెద్దల పెట్టెలో చార్మినార్ బొమ్మ ఉన్న నాణేలు కనిపిస్తే అవి నిజాం ప్రభుత్వపు హాలీ సిక్కాలు. వాటిని ఈ వరుసలో కలపకుండా వేరే పేజీకి మార్చండి. అది విడిగా శ్రద్ధ పెట్టవలసిన పెద్ద విషయం.

దేశంలో చిల్లర కొరత వచ్చినప్పుడు విదేశాల్లో కూడా మన నాణేలు ముద్రించారు. 1985 నాటి రూపాయిలలో తేదీ కింద హెచ్ అనే ఇంగ్లిష్ అక్షరం ఉన్నవి బర్మింగ్‌హామ్‌లోని హీటన్ టంకశాలవి. 1990లలో మెక్సికో, స్లొవేకియా వంటి దేశాల గుర్తులతో వచ్చినవీ ఉన్నాయి. యుద్ధకాలపు వెండి రూపాయిల మీద కనిపించే ఎల్ అక్షరం లాహోర్ టంకశాలది. రూపాయిల వరుస పూర్తయ్యాక, ఏదో ఒక సంవత్సరాన్ని ఎంచుకొని ఆ ఏట ముద్రించిన అన్ని టంకశాలల నాణేలనూ సేకరించడం మంచి లక్ష్యం. 1990ల సంవత్సరాలు ఇందుకు బాగా అనువైనవి. ఇంటి చిల్లరలో వెతికినా కొన్ని దొరుకుతాయి.

స్మారక నాణేలు

మొదటి స్మారక నాణేలు 1964లో జవాహర్‌లాల్ నెహ్రూ మరణానంతరం ఆయన బొమ్మతో రూపాయి, యాభై పైసల విలువల్లో వచ్చాయి. 1969లో గాంధీజీ శతజయంతికి ఇరవై పైసలు, యాభై పైసలు, రూపాయి చలామణిలోకి రాగా, పది రూపాయల వెండి నాణెం కూడా వచ్చింది. 1982 ఆసియా క్రీడల రెండు రూపాయలు, 1990 అంబేద్కర్ శతజయంతి రూపాయి చలామణిలో తిరిగినవే.

ఇక్కడ ఒక విభజన మనసులో పెట్టుకోండి. జనం చేతుల్లో తిరగడానికి ముద్రించినవి ఒక రకం. సేకర్తల కోసం టంకశాలలు పెట్టెల్లో పెట్టి అమ్మే వంద రూపాయలు, ఆపై విలువల నాణేలు మరో రకం. రెండో రకం ఏ దుకాణంలోనూ చిల్లరగా వచ్చేవి కావు. 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి భవన్‌లో విడుదలైన నందమూరి తారక రామారావు శతజయంతి వంద రూపాయల నాణెం అటువంటిదే. హైదరాబాద్‌లో ముద్రించిన ఆ నాణెంలో 50 శాతం వెండి, 40 శాతం రాగి, 5 శాతం నికెల్, 5 శాతం జింకు ఉన్నాయి. పైన చెప్పిన 1940 రూపాయి లోహపు పాళ్లతో పోల్చి చూడండి, రెండూ ఒకటే. నాడు కొరత వల్ల ఎంచుకున్న మిశ్రమాన్నే ఈ కానుక నాణేనికి వాడారు. ఇటువంటి నాణేలను ప్రభుత్వ రంగంలోని భారత సెక్యూరిటీ ముద్రణ, టంకశాల సంస్థ నేరుగా అమ్ముతుంది కాబట్టి, మధ్యవర్తి దగ్గర ఎక్కువ ధర పెట్టేముందు అక్కడ దొరుకుతుందేమో చూడండి. నా అభిప్రాయంలో మొదటి కొన్నేళ్లు చలామణి స్మారక నాణేలకే పరిమితం కావడం మంచిది.

కడగకండి, రుద్దకండి

రాగి, ఇత్తడి సామాను చింతపండుతో తోమడం మనకు అలవాటు. నాణెం మీద ఆ పని చేస్తే దశాబ్దాలుగా ఏర్పడిన గోధుమ రంగు పొర పులుపుకు కరిగిపోయి, కింద పచ్చి రాగి గులాబి రంగులో బయటపడుతుంది. చూసేవారికి ముచ్చటగా ఉన్నా, తెలిసిన సేకర్త దాన్ని కొనడు. ఆ పొర మళ్లీ మునుపటిలా ఏర్పడదు. వెండి నాణేలను విభూతితో, టూత్‌పేస్టుతో రుద్దినా ఇదే నష్టం: భూతద్దంలో వెంట్రుకల్లాంటి గీతలు ఒకే దిక్కులో కనిపిస్తాయి. మట్టి అంటుకుని ఉంటే డిస్టిల్డ్ నీళ్లలో కొన్ని గంటలు నాననిచ్చి, రుద్దకుండా గుడ్డతో అద్ది ఆరబెట్టండి. అంతకు మించి ఏమీ చేయకండి.

మెత్తని పీవీసీ కవర్లు కొన్నాళ్లకు నాణెం మీద పచ్చని జిగురు పొరను వదులుతాయి. వాటికి బదులు మైలార్ అనే పారదర్శక పాలియెస్టర్ ప్లాస్టిక్ కవర్లు గాని, మైలార్ కిటికీ ఉన్న అట్ట హోల్డర్లు గాని వాడండి. అట్టకు పిన్ను కొట్టేటప్పుడు దాని కాళ్లు చదునుగా నొక్కకపోతే పక్క నాణెం గీరుకుపోతుంది. అల్యూమినియం నాణేలను వేరుగా ఉంచండి. తేమ తగిలితే వాటి మీద తెల్లని పొడి లేస్తుంది. కంచు, రాగి నాణేల మీద చిలుము మచ్చలు వ్యాపిస్తున్నట్టు కనిపిస్తే వెంటనే మిగతావాటి నుంచి విడదీయండి. పెట్టెలో తేమను పీల్చే సిలికా జెల్ పొట్లాలు పెట్టి, వానాకాలానికి ముందు మార్చండి.

కొనేముందు పరీక్షించడం

వెండి రూపాయిలకు నకిలీలు విరివిగా ఉన్నాయి. ముఖ్యంగా చాలా అరుదైన 1939 రూపాయి పేరుతో వచ్చేవాటిని నిపుణునికి చూపకుండా కొనకండి. ముందు బరువు చూడండి. అరిగిన నాణెం 11.66 కంటే కొంచెం తగ్గవచ్చు గాని, రూపం స్ఫుటంగా ఉండి బరువు మాత్రం ఒక గ్రాముకు మించి తగ్గితే అనుమానించాలి. తర్వాత సాంద్రత పరీక్ష చేయండి. గ్లాసులో నీళ్లు పోసి త్రాసు మీద పెట్టి అంకెను సున్నా చేయండి. నాణేన్ని సన్నని దారంతో కట్టి, గ్లాసు అడుగుకూ పక్కలకూ తగలకుండా నీళ్లలో పూర్తిగా ముంచి పట్టుకోండి. అప్పుడు త్రాసు చూపే అంకె నాణెం ఘనపరిమాణం. 1939 వరకు వచ్చిన రూపాయికి అది 1.13 ప్రాంతంలో, 1940 నుంచి 1945 వరకు వచ్చిన దానికి 1.22 ప్రాంతంలో రావాలి. ఇత్తడికి వెండి పూత వేసినదైతే ఈ అంకె ఇంకా పెద్దదిగా వస్తుంది. అంచు మీద అతుకు గీత కనిపించినా, చదునైన భాగంలో చిన్న చిన్న గుంటలు కనిపించినా అది అచ్చులో పోతపోసిన నకిలీ అని తెలుసుకోండి.

ఇక ధరల విషయం. వైష్ణోదేవి బొమ్మ ఉన్న ఐదు, పది రూపాయల నాణేలకు లక్షలు వస్తాయన్న ప్రచారం ఎన్నో ఏళ్లుగా తిరుగుతోంది. 2012 నాటి ఆ నాణేలు చలామణిలో మామూలుగా తిరిగినవే. పాత నాణేలు కొంటామంటూ ముందుగా కమీషనో, పన్నో కట్టమని అడిగేవారు మోసగాళ్లు. రిజర్వు బ్యాంకు తాను అటువంటి లావాదేవీలు చేయదని, ఎవరికీ అధికారం ఇవ్వలేదని 2021 ఆగస్టులో ప్రకటించింది.

చట్టం కూడా తెలిసి ఉండాలి. వందేళ్లు దాటిన నాణేలు 1972 నాటి చట్టం కింద పురావస్తువులు. వాటిని సొంతంగా దేశం దాటించకూడదు. భూమిలో దొరికిన పది రూపాయలకు మించిన విలువ గల నిధిని 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి. పొలంలో దొరికాయని ఎవరైనా కుండెడు నాణేలు తెచ్చి అమ్మజూపితే, ఎంత చౌకగా ఇచ్చినా తీసుకోకండి. ఏ ఊళ్లో, ఎంత లోతున, వేటితో కలిసి దొరికాయన్న సమాచారం చెదిరిపోతే చరిత్రకు జరిగే నష్టాన్ని ఎవరూ పూడ్చలేరు.

నమోదు పుస్తకం

ప్రతి నాణేనికీ ఒక వరుస సంఖ్య ఇచ్చి, విలువ, తేదీ, టంకశాల, లోహం, మీరు తూచిన బరువు, కొలిచిన వెడల్పు, అయస్కాంతానికి అంటుకుందా లేదా, స్థితి, ఎక్కడ ఎంతకు వచ్చింది అన్న వివరాలు రాయండి. ఉదాహరణకు ఒక నమోదు ఇలా ఉంటుంది: ‘రూపాయి, 1985, తేదీ కింద హెచ్, కుప్రోనికెల్, 5.97 గ్రాములు, 26 మిల్లీమీటర్లు, అంటుకోలేదు, సింహాల జూలు స్పష్టం, కంకి గింజలు కొంచెం అరిగాయి, ఇంటి చిల్లరలో దొరికింది.’ పుస్తకాల్లో ఇచ్చిన బరువును నకలు చేయకుండా మీ త్రాసు చూపిన అంకెనే రాయండి. అనుమానం ఉన్న చోట ప్రశ్నార్థకం పెట్టి వదిలేయండి. మరో నాణెం దొరికినప్పుడు పోల్చి సరిచేసుకోవచ్చు. స్థితిని రాసేటప్పుడు వ్యాపారులు వాడే ఫైన్, వెరీ ఫైన్, అన్‌సర్క్యులేటెడ్ వంటి మాటలతో పాటు, ఏ భాగం ఎంత అరిగిందో తెలుగులోనే రెండు ముక్కలు చేర్చండి. ఏడాదికోసారి నాణేలన్నీ బయటికి తీసి, పుస్తకంతో సరిచూసి, కొత్త మచ్చలేవైనా వచ్చాయేమో చూడండి. పుస్తకం నకలు ఒకటి ఇంట్లో మరొకరి దగ్గర ఉంచి, ఏ పేజీలో ఏమున్నదో వారికి ఒకసారి చూపించండి.